పాత లారీకి హెడ్ గ్యాస్కెట్ పోతే: హెడ్డు దించే ముందు, దించిన తరువాత

నెల్లూరు, ప్రకాశం జిల్లాల లారీ డ్రైవర్ల నోట హెడ్ గ్యాస్కెట్ జబ్బు చాలాసార్లు ఒకే మాటగా మొదలవుతుంది: "బండి నీళ్ళు తాగతా ఉండాది." కింద చుక్క కారదు, హోస్ పైపులన్నీ పొడిగానే ఉంటాయి, అయినా తెల్లవారి రేడియేటర్ మూత తీస్తే రెండు మూడు లీటర్లు తక్కువ కనిపిస్తుంది. ఈ మాట విన్న వారంలోనే బండిని నిలిపి చూసిన యజమానికి గ్యాస్కెట్ ఖర్చుతో పోతుంది. నెల రోజులు నీళ్ళు పోసుకుంటూ తిప్పిన యజమానికి మాత్రం హెడ్డు వంకర, బేరింగుల అరుగుదల, ఒక్కోసారి బ్లాకు పగులు కూడా ఆ లెక్కలో వచ్చి చేరతాయి. పాత ఆరు చక్రాల లారీతో ధాన్యం, రొయ్యల మేత తోలే వాణ్ణి కాబట్టి ఈ రెండు రకాల బిల్లులూ నేను కట్టాను. ఇక్కడ రాసేది పాత తరం డీజిల్ లారీల గురించే. కంప్యూటర్ అమర్చిన కొత్త ఇంజిన్ల పద్ధతులు కొంత వేరు.

సిలిండర్లుండే ఇంజిన్ బ్లాకుకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య పరిచే ఈ పలుచని గ్యాస్కెట్ పలక మూడింటిని ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది: సిలిండర్లో మండే వాయువు, సిలిండర్ల చుట్టూ జాకెట్లనే దారుల్లో తిరిగే నీరు, టాపెట్ల దాకా పైకెక్కే ఆయిల్. 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ వ్యాసం, ఉన్న టాటా 697 వంటి ఇంజిన్లో డీజిల్ మండిన క్షణాన ఒత్తిడి 100 బార్ దాకా వెళ్ళిందనుకుంటే, ఆ ఒక్క సిలిండరే హెడ్డును సుమారు ఏడున్నర టన్నుల బలంతో పైకి తోస్తుంది. ఆ తోపుకు ఎదురు నిలిచేది హెడ్డు బోల్టుల బిగువు ఒక్కటే. దీనికి తోడు, 80 సెంటీమీటర్ల పొడవున్న పోత ఇనుము హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కేసరికి అర మిల్లీమీటరుకు పైగా సాగుతుంది, చల్లారితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి ఈ రాపిడిలో నలిగిన గ్యాస్కెట్ ఏదో ఒకనాడు అలసిపోవడం సహజమే. అయితే నేను చూసినంతలో వయసు మీరి పోయిన గ్యాస్కెట్లు తక్కువ. ఇంజిన్ హీటెక్కి, హెడ్డు వంగి, ఆ వంకర వల్ల పోయినవే ఎక్కువ. అటువంటి బండికి కొత్త గ్యాస్కెట్ మాత్రం వేసి, హీటెక్కిన కారణాన్ని అలాగే వదిలేస్తే, ఆ గ్యాస్కెట్ కూడా పాతదాని దారినే పోతుంది.

దారిలో ఉండగా ముల్లు పైకి వెళితే

రోహిణి కార్తె ఎండలో లోడుతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడో, 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి దగ్గర ఎదురుగాలిలో నడుపుతున్నప్పుడో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు జరిగితే వెంటనే లోడు తగ్గించాలి, అంటే యాక్సిలరేటర్ వదిలి పక్కకు తీయాలి. ఆవిరి ఇంకా ఎగజిమ్మకపోతే, ఆయిల్ ప్రెషర్ బాగుంటే, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్ మీద ఉంచి తరువాత ఆపడం మేలు; ఒక్కసారిగా ఆపితే నీటి పంపు కూడా ఆగి, హెడ్డులో నిలిచిన నీరు అక్కడికక్కడే మరిగిపోతుంది. నీరు పూర్తిగా పోయిందని తెలిసినా, ఇంజిన్ కొట్టుకుంటున్న శబ్దం వచ్చినా ఆ నిమిషమైనా ఆగకుండా ఇంజిన్ ఆపేయాలి.

ఆ తరువాత చేయకూడని పనులు రెండు ఉన్నాయి. మొదటిది, వేడి మీద రేడియేటర్ మూత తీయడం. 0.5 బార్ మూత ఉన్న రేడియేటర్లో నీరు సుమారు 111 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి ఆ నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు ముఖం మీదకు చిమ్ముతుంది. ఈ రోడ్ల మీద చేతులు, మెడ కాల్చుకున్న క్లీనర్లు ఎంతమందో. రెండవది, ధాబాలో అడిగి తెచ్చిన చల్లని బోరు నీటిని కాగుతున్న ఇంజిన్లో గబగబా పోయడం. వాల్వు సీట్ల మధ్య ఉండే సన్నని ఇనుము ఆ చలి దెబ్బకు పగలవచ్చు. గంట సేపు ఆగి, పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగినప్పుడు మూతను గుడ్డతో కొద్దికొద్దిగా వదులు చేసి, ఇంజిన్ ఐడిల్ మీద తిరుగుతుండగా నీటిని సన్నని ధారగా పోయాలి.

అలా నీరు పోయడానికి ఇంజిన్ తిప్పే ముందే ఆయిల్ కడ్డీ బయటికి లాగి చూడడం మరిచిపోవద్దు. ఆయిల్ మట్టం పెరిగి ఉన్నా, పాలు కలిపిన టీ రంగులోకి మారినా ఆ ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లో నీరు నిలిచి ఉంటే అది నలగదు, పిస్టన్ దానికి గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీరు కలిసిన ఆయిల్ మెయిన్ బేరింగులను కొద్ది కిలోమీటర్లలోనే తినేస్తుంది. అప్పుడు లోడును మరో బండిలోకి మార్చి, లారీని కట్టి లాగించుకోవడమే చౌక. ఆయిల్ శుభ్రంగా ఉండి, నీరు మాత్రమే కొద్దికొద్దిగా తగ్గుతుంటే, లోడు దించి, డబ్బాలలో నీరు వెంట పెట్టుకుని, దగ్గరలోని ఆటోనగర్ దాకా నిదానంగా వెళ్ళవచ్చు. సందు మూస్తుందని చెప్పి దుకాణాల్లో అమ్మే పొడులను, ద్రావకాలను నేను రేడియేటర్లో పోయను. అవి పోతున్న చోటు కంటే ముందు రేడియేటర్ సన్న గొట్టాలను మూస్తాయి.

నిజంగా గ్యాస్కెట్టేనా

ఇక్కడ ఆగి ఆలోచించని వారే ఎక్కువగా నష్టపోతారు. రేడియేటర్లో బుడగలు రాగానే "గ్యాస్కెట్ కొట్టేసింది" అని హెడ్డు దించేయడం మన షెడ్లలో అలవాటు. పాత లారీలో అవే బుడగలు రావడానికి మరో దారి ఉంది. గాలి బ్రేకుల కోసం గాలి నింపే కంప్రెసర్ హెడ్డును చల్లబరిచేది చాలా లారీలలో ఇంజిన్ నీరే. ఆ చిన్న హెడ్డు గ్యాస్కెట్ చీలితే కంప్రెసర్ గాలి నేరుగా నీటిలోకి చొరబడి, రేడియేటర్లో బుడగలుగా తేలుతుంది, నీటిని బయటికి కూడా తోస్తుంది. ఒక ఏడాది నా లారీకి ఇదే జరిగింది. మేస్త్రి హెడ్డు దించాడు, ఫేసింగ్ చేయించాడు (అంటే హెడ్డు అడుగు ముఖాన్ని గీయించి చదును చేయించాడు), కొత్త గ్యాస్కెట్ వేశాడు, మూడు రోజుల తరువాత బుడగలు మళ్ళీ వచ్చాయి. కంప్రెసర్ విప్పి చూడమని చెప్పింది పక్క షెడ్డులో టీ తాగుతున్న ఒక ముసలి డ్రైవరు. తప్పు మేస్త్రిదే అనను. తొందర పెట్టింది నేనే.

దీన్ని తేల్చుకునే ఉపాయం తేలికైనదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీటిని అంచు దాకా నింపి, ఇంజిన్ నడపాలి. గాలి ట్యాంకులు నిండుతున్నంత సేపు బుడగలు వచ్చి, ట్యాంకులు నిండి అన్‌లోడర్ వాల్వు 'చుస్' మని గాలి వదిలిన తరువాత అవి తగ్గిపోతే అనుమానం కంప్రెసర్ మీద. ట్యాంకులతో నిమిత్తం లేకుండా, యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ బుడగలు పెరుగుతుంటే అనుమానం హెడ్డు మీద. నీటి పంపు దగ్గర పీల్చుకున్న గాలి కూడా బుడగలుగా వస్తుంది కనుక, పంపును తిప్పే ఫ్యాన్ బెల్టును తీసి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే ఇంజిన్ నడిపి మళ్ళీ చూస్తే ఆ సందేహం కూడా తీరుతుంది. చల్లని ఇంజిన్ మొదలుపెట్టిన నిమిషం రెండు నిమిషాల లోపే, నీరు ఇంకా వెచ్చబడకుండానే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడడం గ్యాస్కెట్ పోయిందనడానికి బలమైన గుర్తు.

ఆయిల్‌లో నీరు కలిసినా దాని నేరమంతా గ్యాస్కెట్ మీద వేయకూడదు. వెట్ లైనర్లు, అంటే బయటి వైపు నేరుగా నీరు తగిలే సిలిండర్ తొడుగులు, ఉన్న ఇంజిన్లలో లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులు చచ్చుపడితే జాకెట్ నీరు నేరుగా ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడితే, ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువ కాబట్టి, రేడియేటర్లో ఆయిల్ తెట్టు కడుతుంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కూర్చునే రాగి గొట్టం వదులైతే నీరు సిలిండర్లోకి పోతుంది, మండిన వాయువు నీటిలోకి వస్తుంది. లక్షణాలు అచ్చం గ్యాస్కెట్ లక్షణాలే. ఆయిల్ మూత లోపల మాత్రమే కాస్త తెల్లటి నురగ కనిపించి, కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, అది దగ్గర దూరాలు తిరిగే బండిలో చలికాలం పట్టే తేమ కూడా కావచ్చు. ఆయిల్‌లో నీరుందా లేదా అన్నది రూఢి చేసుకోవాలంటే, బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం ఇంజిన్ తిప్పకుండా ఛాంబర్ అడుగు బోల్టును మెల్లగా వదులు చేయాలి. నీరు బరువు కనుక అడుగున చేరి ఉంటుంది. ఉంటే మొదట నీరే కారుతుంది.

ఏ సిలిండర్ దగ్గర పోయిందో తెలిస్తే హెడ్డు దించాక ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నాజిళ్ళన్నీ తీసి, ఒక్కొక్క పిస్టన్‌ను రెండు వాల్వులూ మూసుకునే పై స్థానానికి తెచ్చి, నాజిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టించి రేడియేటర్ వైపు చూడాలి. ఏ సిలిండర్‌కు గాలి పట్టినప్పుడు బుడగలు వస్తే తప్పు అక్కడిది. గాలి పక్క నాజిల్ రంధ్రంలోంచి వస్తే ఆ రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలింది. అటువంటి బండి నీరు తాగకపోవచ్చు కానీ, పక్కపక్క సిలిండర్లు రెండూ బలహీనపడి, చప్పుడు మారి, పికప్ పోతుంది. గాలి పట్టించేటప్పుడు పిస్టన్ కిందికి పోయి ఇంజిన్ తిరగవచ్చు కనుక గేరులో వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, ఫ్యాన్ దగ్గర చేతులు ఉంచకుండా ఈ పని చేయాలి.

హెడ్డు దించడం

హెడ్డు పూర్తిగా చల్లారిన తరువాత, వీలైతే మరునాడు ఉదయమే, బోల్టుల మీద చేయి వేయాలి. వేడి మీద విప్పిన హెడ్డు ఆ పూటే వంగవచ్చు. బ్యాటరీ తీగ తీసి, నీరు, ఆయిల్ విడివిడిగా పట్టాలి. కూలెంట్ కలిపిన నీరు తియ్యగా ఉంటుంది, విషం కూడా. షెడ్డు చుట్టూ తిరిగే కుక్కలు, మేకలు తాగకుండా డబ్బాలో పట్టి మూత పెట్టడం మన బాధ్యత. ఆ తరువాత గాలి పైపు, సైలెన్సర్ మ్యానిఫోల్డ్, డీజిల్ పైపులు, నాజిళ్ళు, రాకర్ షాఫ్టు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వాల్వులను నడిపే పుష్ రాడ్లు తీసేటప్పుడు అట్టపెట్టెకు, ఆరు సిలిండర్ల బండి అయితే, పన్నెండు రంధ్రాలు పొడిచి, ఏ రాడ్ ఏ స్థానానిదో రాసి గుచ్చి పెట్టుకుంటే తిరిగి బిగించే రోజున తగాదా ఉండదు. విప్పిన డీజిల్ పైపుల మూతులకు, డీజిల్ పంపు మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టి కట్టాలి. చీమకుర్తి క్వారీల వైపు నుంచి వచ్చే బండ్ల షెడ్లలో గాలి నిండా రాతి పొడే; పంపులో ఆ పొడి పడితే గ్యాస్కెట్ కంటే పెద్ద ఖర్చు.

బోల్టులను బిగించే వరుసకు సరిగ్గా తిరగేసిన వరుసలో, అంటే రెండు చివరల నుంచి మధ్యకు వస్తూ, మొదట అన్నిటికీ పావు చుట్టు, తరువాత సగం చుట్టు చొప్పున వదులు చేయాలి. కొన్ని ఆరు సిలిండర్ల ఇంజిన్లకు ఒకటే పొడవు హెడ్డు ఉంటుంది, కొన్నిటికి రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకటే హెడ్డు అయితే దాన్ని చేతులతో ఎత్తాలని చూడవద్దు; చైన్ బ్లాకు వేసి నిటారుగా లేపాలి. అతుక్కుని ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి పొడవకూడదు, ఆ గీత పడిన చోటే రేపు నీరు కారుతుంది. దించిన హెడ్డును చెక్క దిమ్మల మీద ఉంచాలి. వెట్ లైనర్ల ఇంజిన్ అయితే హెడ్డు లేని సమయంలో క్రాంకును తిప్పకూడదు, తిప్పక తప్పకపోతే లైనర్లను క్లాంపులతో నొక్కి పెట్టాలి, లేకపోతే పిస్టన్‌తో పాటు లైనర్ కదిలి అడుగు రబ్బరు దెబ్బతింటుంది.

పాత గ్యాస్కెట్‌ను చెత్తలో పడేసే ముందు దాన్ని పరిచి చదవండి. రెండు సిలిండర్ల మధ్య సన్నని నల్లటి దారి కనిపిస్తే వాయువు అటు ఇటు పోయింది. సిలిండర్ కంతకూ నీటి కంతకూ మధ్య తుప్పు రంగు గీత ఉంటే నీరు తాగింది అక్కడే. మిగిలిన పిస్టన్ల మీద నల్లటి మసి ఉండి ఒక్క పిస్టన్ మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తుంటే, ఆ సిలిండర్లోకి నీరు వచ్చి ఆవిరై దాన్ని కడిగిందని అర్థం. కాలిన గుర్తు ఎక్కడా లేకపోతే సంతోషించకండి; హెడ్డులోనో, లైనర్లోనో పగులు వెతకాల్సి ఉంటుంది. పాత కాలపు గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది కనుక అతుక్కుపోయిన ముక్కలను తడిపి, చదునైన స్క్రేపర్‌తో గీకాలి. గ్రైండర్‌కు ఎమరీ చక్రం తగిలించి తోమితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి, ఎమరీ పొడి ఆయిల్ కంతల్లోకి పోతుంది. గ్యాస్కెట్ ఆనే హెడ్డు ముఖం కూడా గుంటలు పడుతుంది.

లేత్ షాపులో, ఆ రెండు రోజుల్లో

హెడ్డు ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి, పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా వంకర కొలవాలి. హద్దు ఎంతన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పాలి, అడ్డంగా 0.05, పొడవునా 0.10 మిల్లీమీటర్ల చేరువలో ఉండే హద్దులు సాధారణం. బ్లాకు ముఖాన్ని కూడా ఇలాగే కొలవాలి. చాలా షెడ్లలో హెడ్డుకు ఫేసింగ్ చేయించి బ్లాకును కంటితో చూసి వదిలేస్తారు, కారుతున్నది బ్లాకు వైపు గుంటలో అయితే ఆ ఫేసింగ్ డబ్బులు వృథా. ఫేసింగ్‌కు కూడా ఒక మితం ఉంది. ఇంతకు ముందు ఎన్నిసార్లు గీశారో తెలియని పాత హెడ్డు మందం కనీస కొలత కంటే తగ్గితే అది పనికిరాదు. గీసిన తరువాత వాల్వులు ముఖం నుంచి ఎంత లోపలికి ఉన్నాయో, నాజిల్ మొన ఎంత బయటికి వచ్చిందో కొలవకుండా బిగిస్తే వాల్వు పోయి పిస్టన్‌కు తగలవచ్చు.

పగులు సంగతి ఫేసింగ్ కంటే ముందే తేల్చాలి, పగిలిన హెడ్డును చదును చేయించి లాభం లేదు. నీటి కంతలన్నీ మూసి, లోపలికి గాలి పట్టించి, వేడి నీటి తొట్టిలో ముంచి చూసే పరీక్ష అన్నిటికంటే నమ్మకమైనది. అది లేని చోట ఎర్ర రంగు ద్రావకం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులు ఎర్ర గీతగా పైకి తేలుతుంది. రెండు వాల్వు సీట్ల మధ్య, నాజిల్ రంధ్రం చుట్టూ ప్రత్యేకంగా చూడమని చెప్పాలి. వెట్ లైనర్ల ఇంజిన్‌కు మరో కొలత తప్పదు: ఒక్కో లైనర్ బ్లాకు ముఖం కంటే ఎంత పైకి పొడుచుకుని ఉందో డయల్ గేజ్‌తో చూడాలి. మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉండే ఈ ఎత్తే గ్యాస్కెట్‌ను నొక్కి పట్టేది. ఒక లైనర్ కుంగి ఉంటే ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా దాని దగ్గర మళ్ళీ పోతుంది.

హెడ్డు లేత్ షాపులో ఉన్నన్నాళ్ళు యజమాని చేయవలసిన అసలు పని ఒకటి మిగిలి ఉంది: ఇంజిన్ హీటెందుకు ఎక్కిందో వెతకడం. మన ప్రాంతంలో నా మొదటి అనుమానం ఎప్పుడూ నీటి మీదే. సముద్రం పక్క ఊళ్ళలో, రొయ్యల చెరువుల మధ్య బోర్లలో వచ్చేది ఉప్పు నీరు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ సంగతి లోకానికంతా తెలిసిందే. ఆ భయంతో డ్రైవరు, క్లీనరు తాగడానికి ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ కొనుక్కుంటారు, లారీకి మాత్రం రోడ్డు పక్క బోరు దగ్గర బకెట్టు పెడతారు. గట్టి నీటిలోని సున్నం జాకెట్ల గోడలకు తెల్లటి పెచ్చుగా పట్టి, ఇనుము వేడిని నీటికి చేరనివ్వదు. రేడియేటర్ గొట్టాలను సన్నబరుస్తుంది. ఉప్పు నీరైతే ఇనుమునే తింటుంది. రేడియేటర్‌ను దుకాణానికి ఇచ్చి, పై ట్యాంకు విప్పించి, గొట్టాల్లో కడ్డీలు ఆడించి శుభ్రం చేయించాలి. బయటి రెక్కల మధ్య ఇరుక్కున్న వడ్ల పొట్టును, రాతి దుమ్మును ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీరు కొట్టి కడగాలి. ఎదురు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది.

నీరు వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వు గురించి ఒక మాట. "మన ఎండలకు ఇదెందుకు" అని దాన్ని పీకి పారేయడం ఇక్కడ ఒక ఆచారంగా మారింది. వేడెక్కాక బైపాస్ దారిని మూసే రకం థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్లో దాన్ని తీసేస్తే, నీటిలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే ఇంజిన్లో తిరిగి, ఘాట్ ఎక్కేటప్పుడు హీటు ఇంకా పెరుగుతుంది. పనిచేసే వాల్వును గిన్నెలో నీటిలో వేలాడదీసి మరిగిస్తే దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి. రేడియేటర్ మూత రబ్బరు, నీటి పంపు, ఫ్యాన్ బెల్టు బిగువు, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు కూడా ఈ రెండు రోజుల్లోనే చూసుకోవచ్చు.

తిరిగి కూర్చోబెట్టడం

గ్యాస్కెట్ కొనేటప్పుడు ఇంజిన్ నంబరు చూపించి కొనాలి. కొన్ని ఇంజిన్లకు పిస్టన్ బ్లాకు పైకి వచ్చే ఎత్తును బట్టి రెండు మూడు మందాల గ్యాస్కెట్లు ఉంటాయి, అంచున కోసిన గాట్లతో వాటిని గుర్తిస్తారు. పాత గ్యాస్కెట్ పక్కన కొత్తది పెట్టి ప్రతి కంతనూ సరిచూడాలి, పైకి రావలసిన ముఖం ఏదో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. తిరగేసి వేస్తే ఆయిల్ దారి మూసుకుపోయి రాకర్లు ఎండిపోతాయి. గ్యాస్కెట్‌కు షెల్లాక్ (లక్క జిగురు) పూయడం మన మేస్త్రీలకు అలవాటు. తయారీదారు చెప్పని గ్యాస్కెట్‌కు ఏమీ పూయకుండా పొడిగా వేయడమే మంచిది, రెండు ముఖాలనూ తిన్నర్ గుడ్డతో తుడిస్తే చాలు.

బోల్టుల విషయంలో పిసినారితనం పనికిరాదు. మరలు సాగినవి, మెడ సన్నబడినవి, తుప్పు తిన్నవి పక్కన పడేయాలి. ఒక్కసారికే వాడవలసిన రకమైతే అన్నీ కొత్తవే వేయాలి. బ్లాకులోని బోల్టు రంధ్రాలను ట్యాపుతో శుభ్రం చేసి గాలి కొట్టాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నీరో ఆయిలో మిగిలి ఉంటే బోల్టు దాన్ని నొక్కుతుంది, పోవడానికి దారి లేక బ్లాకు పగలవచ్చు, లేదా బోల్టు అడుగుకు చేరకముందే రెంచ్ బిగువు చూపించి మోసం చేస్తుంది. మరలకు, బోల్టు తల కింద పలుచగా ఇంజిన్ ఆయిల్ రాసి, మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ సుడి తిరుగుతూ, మొదట మూడో వంతు, తరువాత మూడింట రెండు వంతులు, చివరికి పూర్తి టార్క్, అంటే చెప్పిన కొలత బిగువు, వచ్చేలా టార్క్ రెంచ్‌తో బిగించాలి. అంకె మాన్యువల్‌లో చూడాలి, పక్క బండి అంకె మన బండికి పనికిరాదు. పైపు తొడిగిన స్పానర్‌తో "చేతి లెక్క" చాలనే మేస్త్రి దగ్గర, ఆయన అనుభవాన్ని ఎంత గౌరవించినా, ఈ ఒక్క పనికి రెంచ్ అద్దెకు తెచ్చి ఇవ్వండి. ఏడున్నర టన్నుల తోపును పట్టుకునే బోల్టులకు చేతి లెక్క సరిపోదు.

పుష్ రాడ్లు తమ తమ స్థానాల్లో, రాకర్లు, ఆ తరువాత టాపెట్ గ్యాప్, అంటే రాకరుకూ వాల్వుకూ మధ్య ఉంచే సందు. హెడ్డు గీసిన బండికి పాత గ్యాప్ ఎంతమాత్రం ఉండదు కనుక అన్నిటినీ సరిచేయాలి. నాజిళ్ళ కింద కొత్త రాగి వాషర్లే వేయాలి.

నింపడం, నడపడం

నీరు కలిసిన ఆయిల్‌ను దించి, ఫిల్టర్ మార్చి, మొదట చౌక ఆయిల్ పోసి పావు గంట ఐడిల్ మీద నడిపి, దాన్నీ దించేసి, మళ్ళీ ఫిల్టర్‌తో మంచి ఆయిల్ పోయాలి. మొదటి ఆయిల్ మళ్ళీ టీ రంగులోకి వస్తే లోపల మిగిలిన నీరో, ఇంకా ఆగని లీకో అన్నది రెండవ ఆయిల్ చెబుతుంది. రేడియేటర్‌లో పోసేది ఆర్‌ఓ నీరు, కూలెంట్ డబ్బా మీద రాసిన పాళ్ళలో కలిపినది. ఒట్టి ఆర్‌ఓ నీరు సున్నం కట్టదు కానీ తుప్పును ఆపదు, కూలెంట్ ఆ పని చేస్తుంది. నింపేటప్పుడు ఇంజిన్ పైభాగంలోని గాలి మరను వదులు చేసి, నీరు నిండుగా కారే దాకా ఉంచి బిగించాలి. హెడ్డులో గాలి తిత్తి మిగిలితే ముల్లు నార్మల్‌గా ఉండగానే ఒక సిలిండర్ దగ్గర కాగుతుంది. డీజిల్ పైపులలోని గాలిని చేతి పంపుతో, ఫిల్టర్ మరల దగ్గర తీయాలి. నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టేటప్పుడు వేళ్ళను ధారకు దూరంగా ఉంచాలి, ఆ ఒత్తిడిలో డీజిల్ చర్మం లోపలికి దూరుతుంది.

మొదలైన ఇంజిన్‌ను ఐడిల్ మీద వేడెక్కనిచ్చి, థర్మోస్టాట్ తెరుచుకుని కింది హోస్ వెచ్చబడే దాకా చూసి, ఆపి, పూర్తిగా చల్లారాక నీటి మట్టం సరిచేయాలి. పాత రకం రాగి, అట్ట పొరల గ్యాస్కెట్ వేడికి ఇంకాస్త నలిగి కూర్చుంటుంది. అందుకే దానికి మొదటి వేడి తరువాత ఒకసారి, 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య మరోసారి, అదే వరుసలో, ఒక్కో బోల్టును విడిగా పట్టుకుని మళ్ళీ టార్క్ చూడాలి; వేడి మీదా, చల్లగా ఉన్నప్పుడా అన్నది మాన్యువల్ ప్రకారమే. ఉక్కు పొరల రకానికి, కోణం లెక్కలో బిగించిన బోల్టులకు ఇది అక్కరలేదు, చేస్తే చెడుతుంది. మళ్ళీ టార్క్ చేసిన ప్రతిసారీ టాపెట్ గ్యాప్ కూడా చూడాలి.

మొదటి లోడు నెల్లూరు నుంచి కోవూరు మిల్లు దాకా వెళ్ళే తక్కువ దూరం, తక్కువ బరువుది అయితే మంచిది. పెన్న దాటి మిల్లులో ఆగినప్పుడు పై హోస్‌ను పిండి చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొంత బిగుసుకోవడం మామూలే. మరునాడు తెల్లవారి, ఇంజిన్ తిప్పకముందే అదే హోస్ మెత్తగా ఉండి, మూత తీస్తే నీరు నిన్న నింపిన గీత దగ్గరే ఉంటే, ఆ సాయంత్రం ఒంగోలు లోడు ఒప్పుకోవచ్చు.